జెనోన్ ముక్కలో వెండి నాణెం

శుక్రవారం పొద్దున బేకరీలోకి వచ్చిన ఇద్దరూ రొట్టె కొనడానికి రాలేదని లూకియాకి చూడగానే తెలిసిపోయింది.

కొనేవాళ్లంతా దేశంలో డబ్బు మారిన జనవరి ఒకటి నుంచీ ఒకే వరస. ముందు ధరల పలక చూస్తారు, పెదవులు కదుపుతూ యూరోలని పాత పౌండ్లలోకి మార్చుకుంటారు, ఆ తర్వాత లూకియాని దొంగని చూసినట్టు చూస్తారు. వీళ్లు పలక వైపు కన్నెత్తలేదు. మగమనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆడమనిషి దుకాణం ఖాళీ అయ్యేదాకా గోడవార నిలబడింది.

బయట, యుద్ధంలో తప్పిపోయినవాళ్లని వెతికే కమిటీ తెల్ల కారు ఆగి ఉంది. కాందిశీకుల కాలనీలో ఆ కారు తెలియనివాళ్లు లేరు. అది ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. యుద్ధంలో చేజారిన ఉత్తర భాగంలో తవ్వకాల్లో బయటపడుతున్న ఎముకలకి ఈ మధ్యే పేర్లు దొరుకుతున్నాయి.

"మా అన్నేనా?" అంది లూకియా.

"అవునమ్మా. మీరూ, మీ అమ్మగారూ ఇచ్చిన రక్తంతో సరిపోయింది. ఒక పాత బావిలో ఉన్నాడు."

లూకియా వెళ్లి తలుపు గడియ వేసింది. తిరిగొచ్చి గల్లా బల్ల మీద పడ్డ నువ్వుల్ని అరచేత్తో ఒకచోటికి చేర్చింది. యుద్ధానికి వెళ్లేనాటికి అన్న జెనోన్‌కి ఇరవై రెండేళ్లు. వెళ్తూ వెళ్తూ ఆమె సైకిల్ గొలుసు బాగుచేసి వెళ్లాడు.

"మీ అమ్మగారి దగ్గరికి ఇప్పుడే వెళ్దామా? మేం తోడుంటాం," అంది ఆడమనిషి.

"ఇప్పుడు వద్దు. ఎల్లుండి ఆదివారం మా ఊరి సంఘం వాళ్ల వాసిలోపిత కోత ఉంది."

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్త సంవత్సరం కేకు ఇంట్లో కోయడం వేరు, ఊరి పేరు మీద కోయడం వేరు. ఉత్తరాన ఉన్న కలోమిలియా ఊరు యుద్ధంలో పోయి ముప్పై మూడేళ్లయినా, ఆ ఊరివాళ్లు లార్నకా పొలిమేరలో ఏటా జనవరి చివర్లో ఒక హాల్లో చేరి కేకు కోస్తారు. మొదటి ముక్క క్రీస్తుకి, రెండోది మేరీ తల్లికి, మూడోది ఊరికి, నాలుగోది జెనోన్‌కి. ఊరు మొత్తంలో ఏ కబురూ లేకుండా పోయింది అతనొక్కడే. ఆ ముక్కని తల్లి మిరోఫోరా తన చేత్తో తీసుకుని, తుంపి, కేకులో అదృష్టం కోసం దాచే నాణెం అందులో ఉందేమోనని వెతుకుతుంది. ఎప్పుడూ ఉండదు. నాణెం వాడికి వచ్చిన ఏడు వాడూ వస్తాడని ఆమె నమ్మకం. లేనందుకు కూడా ఆమె దిగులుపడదు. "ఈ ఏడు కాదన్నమాట," అని రుమాల్లో ముక్క మూటగట్టుకుంటుంది.

"ఈ ఒక్క ఆదివారం ఆమెకి వదిలేయండి. మంగళవారం రండి," అంది లూకియా.

"మీ ఇష్టమే మా ఇష్టం. కానీ ఇలాంటి కబురు ఎంత త్వరగా చెబితే అంత మంచిదమ్మా," అన్నాడు మగమనిషి.

"ఇన్నేళ్లు ఆలస్యమైంది. ఇంకో నాలుగు రోజులకి ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆమెకి అప్పుడు తెలియదు.

* * *

శనివారం సాయంత్రం పియెరిస్ కేకు తీసుకెళ్లడానికి వచ్చాడు. సంఘం అధ్యక్షుడు, కరెంటు సామాన్ల దుకాణం యజమాని, జెనోన్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. జేబులోంచి చిన్న డబ్బీ తీసి లూకియా ముందు తెరిచాడు.

వెండి నాణెం. సైప్రస్ యూరోలో చేరిన సందర్భానికి ముద్రించింది. దాని మీద ఇంకా ఎవరి వేలిముద్రా పడలేదు.

"హంబిస్ ముసలాడు చందా ఇవ్వబట్టి కొన్నాం. పౌండుని పాతిపెట్టిన వెధవల నాణెం నా డబ్బుతోనా అని గంటసేపు తిట్టి, ఆ తర్వాత అందరికంటే ఎక్కువ ఇచ్చాడు," అని నవ్వాడు పియెరిస్. "ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది? నిద్ర లేదా?"

"పండగ పని."

"నాణెం నీకు ముందే ఇవ్వనిది ఇందుకే. పిండిలో వేసి పొయ్యిలో పెడితే నల్లబడుతుంది, ముసలాడు నా ప్రాణం తీస్తాడు. రేపు హాల్లో నేనే రేకు కాగితం చుట్టి అడుగు నుంచి దూరుస్తాను."

లూకియా తల ఊపింది. చెప్పేద్దామా అనుకుంది. పియెరిస్ నోట్లో మాట దాగదు. మాట దాగినా మొహంలో దాగదు. తల్లి ఆ మొహం చూసిందంటే అయిపోతుంది. ఆమె కేకు పెట్టె మీద తాడు గట్టిగా బిగించింది.

* * *

ఆదివారం హాలు నిండిపోయింది. కాఫీ కాచేచోట హంబిస్ గొడవ పెట్టుకున్నాడు.

"కాఫీ ఒక యూరో ఏంట్రా? నేను పౌండు ఇచ్చి తాగినప్పుడు చిల్లర వచ్చేది. ఇప్పుడు యూరో ఇస్తే కప్పు అడుగున మడ్డి వస్తోంది."

"మడ్డి అప్పుడూ వచ్చేది తాతా," అన్నాడు కాఫీ కాచే కుర్రాడు. "అప్పుడు నీకు కళ్లు కనబడేవి కావు."

"ఇప్పుడు కనబడుతున్నాయి కాబట్టేగా మీ దోపిడీ కనబడుతోంది."

మిరోఫోరా ముందు వరసలో కూర్చుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, నీలం రంగు తలగుడ్డ, ఒళ్లో మడతపెట్టిన తెల్ల రుమాలు. పక్కన లూకియా. ఫాదర్ ప్రార్థన చదివాడు. పియెరిస్ కేకు మీద కత్తితో శిలువ గీసి కోయడం మొదలుపెట్టాడు.

"క్రీస్తుకి. మేరీ తల్లికి. మన కలోమిలియాకి." ఒక్క క్షణం ఆగాడు. "మన జెనోన్‌కి."

నాలుగో ముక్క పళ్లెంలో పెట్టి తనే తీసుకొచ్చాడు. మిరోఫోరా దాన్ని రెండు చేతుల్తో అందుకుని మధ్యకి తుంపింది. రేకు కాగితం తళుక్కుమంది.

ఆమె గోటితో రేకు విప్పింది. వెండి నాణెం అరచేతిలో పడింది. దాన్ని కాసేపు చూసి, ముద్దు పెట్టుకుని, కళ్లకి అద్దుకుంది.

"వస్తున్నాడు," అంది లూకియాతో, ఊరినుంచి బస్సు బయల్దేరిందని చెప్పినంత మామూలుగా.

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఆడవాళ్లు వచ్చి ఆమెని కావలించుకున్నారు. హంబిస్ కళ్లు తుడుచుకుంటూ, "చూశారా, నా చందా," అన్నాడు. ఆ జనం మధ్యలోంచి లూకియా పియెరిస్ వైపు చూసింది. అతను బల్ల దగ్గర కత్తి పట్టుకుని నిలబడి, పిల్లాడు బొమ్మ దాచినట్టు నవ్వు దాచుకుంటున్నాడు. ఆ నవ్వు చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

* * *

ఇంటికి రాగానే మిరోఫోరా వెనకగది కిటికీ తెరిచింది. పరుపు దులిపించింది. కొత్త దుప్పటి తీయించింది.

"అమ్మా, కొంచెం ఆగు."

"ఇన్నాళ్లూ ఆగింది ఎవరు, నువ్వా నేనా? ఆ దిండు గలేబు మార్చు, అది మరీ పాతది."

లూకియా గలేబు మార్చింది. మార్చుతూ నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ తల్లి పాట కూనిరాగం తీస్తూనే ఉంది. ఆ రాగం లూకియా తన పదిహేనేళ్ల వయసులో అన్న వెళ్లిపోయాక మళ్లీ వినలేదు.

సోమవారం మధ్యాహ్నం పియెరిస్ బేకరీకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మీ అమ్మ నా దుకాణానికి వచ్చింది. కాలు బల్ల మీద పెట్టమంది. ఎందుకు పిన్నీ అంటే, బళ్లో ఉన్నప్పుడు మీ ఇద్దరూ బూట్లు మార్చుకునేవాళ్లు కదా, నీ కొలత చెబితే వాడికి చెప్పులు కొంటానంది." నవ్వుతున్నాడు కానీ కళ్లలో నీళ్లున్నాయి. "చెప్పులు కొనుక్కుని చంకలో పెట్టుకుని వెళ్లింది. ఇన్నేళ్లలో ఆమెని ఇలా చూశానా నేను?"

"నువ్వే పెట్టావు కదన్నా."

"ఏది?"

"నాణెం."

పియెరిస్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పెడితే ఏం? కొత్త డబ్బు, కొత్త ఏడు. ఒక్కసారి ఆ ముసలామెకి వస్తే ఎవరి సొమ్ము పోయింది? వాడు రాడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకి కూడా లోపల్లోపల తెలిసే ఉంటుంది. ఇంకో ఏడాది సంతోషంగా ఎదురుచూస్తుంది, అంతే."

"అన్న దొరికాడు. బావిలో. శుక్రవారం వచ్చి చెప్పారు. రేపు అమ్మకి చెప్పడానికి వస్తున్నారు."

పియెరిస్ పక్కనున్న పిండి బస్తా మీద కూర్చుండిపోయాడు.

"నాకు శనివారం ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నువ్వు నాకు ఎందుకు చెప్పలేదు?"

ఇద్దరూ ఆమె మేలు కోరే దాచారు.

* * *

మంగళవారం తెల్ల కారు వచ్చింది. మిరోఫోరా వాళ్లకి పాకంలో నిలవచేసిన చెర్రీల పళ్లెం, మంచినీళ్లు పెట్టింది. చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. బావి ఎక్కడుందో అడిగింది. ఆ తర్వాత రుమాలు కొసన కట్టిన ముడి విప్పి నాణెం బల్ల మీద పెట్టింది.

"మొన్న ఇది మా వాడి ముక్కలో వచ్చింది. ఊరంతా సాక్ష్యం. మీరు చెప్పే కుర్రాడు ఎవరో పాపం, వాడు మా వాడు కాదు."

"అమ్మా, రక్త పరీక్షలో పొరపాటు జరగదు," అంది ఆడమనిషి మెల్లగా.

"నాకూ మా ఊళ్లో సగం మందికీ ఒకటే రక్తం. మా అమ్మమ్మకి పన్నెండుమంది పిల్లలు."

గుమ్మం దగ్గర నిలబడ్డ పియెరిస్ లోపలికి వచ్చాడు. వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి, లావాటి మనిషి, కూర్చునేటప్పుడు బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

"పిన్నీ, ఆ నాణెం నేను పెట్టాను. అక్కడ వస్తుందని తెలిసే పెట్టాను. కేకు అంచున గోటితో గుర్తు పెట్టి, అక్కడి నుంచే కోశాను. నీ మీద ఒట్టు."

మిరోఫోరా అతని తల నిమిరింది. "నీకు అబద్ధం ఆడటం చిన్నప్పటి నుంచీ రాదు నాయనా. వీళ్లు చెప్పమన్నారా? ఈమె చెప్పమందా?" అంటూ గడ్డంతో లూకియాని చూపించింది.

"ఎవరూ చెప్పమనలేదు."

"సరే, నువ్వు పెట్టావే అనుకో. నీ చేత పెట్టించింది ఎవరు?"

నాలుగు రోజులు ఆలస్యం చేసినందుకు లూకియా తన్ను తాను తిట్టుకుంది. శుక్రవారమే చెప్పి ఉంటే తల్లి ఏడ్చేది. గుండెలు బాదుకునేది. కానీ నమ్మేది. ఇప్పుడు అన్నకి దక్కాల్సిన ఏడుపు ఒక వెండి బిళ్ల అడ్డంపడి ఆగిపోయింది.

"కనీసం వచ్చి చూడమ్మా," అంది లూకియా. "చూశాక కాదంటే నేనూ కాదంటాను."

* * *

రెండుగా చీలిన రాజధాని నికోసియాలో రెండు వైపుల సైన్యాలకీ మధ్య వదిలేసిన జాగాలో ఉంది ఆ గది. పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ. గుడ్డ మీద ఎముకలు మనిషి పడుకున్న వరసలో పేర్చి ఉన్నాయి. లూకియా తలుపు దగ్గరే ఆగిపోయింది. వాటిని చూస్తుంటే ఆమెకి సైకిల్ గొలుసు దగ్గర వంగిన వీపు తప్ప ఇంకేమీ గుర్తురాలేదు.

మిరోఫోరా ఆగలేదు. బల్ల చుట్టూ ఒకసారి నడిచింది. పాదాల దగ్గర నిలబడింది. ఎడంపాదం ఎముకలు కొంచెం పక్కకి జరిగి ఉంటే చేత్తో సరిచేసింది, నిద్రపోతున్న పిల్లాడి కాలు దుప్పట్లోకి తోసినట్టు.

"చాలా చిన్నవాడు," అంది.

"అవునమ్మా," అన్నాడు అక్కడి డాక్టరు.

"వీడి తల్లి ఎక్కడుంది?"

డాక్టరు చేతిలోని కాగితాల వైపు తల దించుకున్నాడు.

"పోయి ఉంటుంది. బతికి ఉంటే ఆమె రక్తమే కలిసేది కదా. ఇన్నేళ్లు బావిలో ఉన్నాడా వీడు? అంత చల్లటి చోట?" ఆమె తలగుడ్డ విప్పి ఆ పాదాల మీద కప్పింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. "సరే. ఎవరూ లేకపోతే నేనే మట్టిచేస్తాను. మా చర్చి దగ్గరే. మీరు ఏ పేరు రాసుకుంటారో రాసుకోండి."

డాక్టరు లూకియా వైపు చూశాడు. లూకియా సరేనన్నట్టు కళ్లు మూసి తెరిచింది. తనకి కావలసింది అన్నకి ఒక గుంట, దాని మీద ఒక పేరు. అది దొరికింది. కానీ అన్నని పరాయి బిడ్డలా సాగనంపాలి. తల్లి పక్కన నిలబడి ఆ నాటకం తనూ ఆడాలి.

* * *

అంత్యక్రియలకి కలోమిలియా వాళ్లంతా వచ్చారు. జెండా కప్పిన పెట్టె ఎంత చిన్నదంటే పియెరిస్ ఒక్కడే ఎత్తగలిగేవాడు. అయినా నలుగురు పట్టుకున్నారు. ఫాదర్ జెనోన్ పేరు చదివిన ప్రతిసారీ లూకియా ఓరగా తల్లిని చూసింది. మిరోఫోరా మొహంలో ఏ మార్పూ లేదు. పెట్టె దిగింది. నూనె, ద్రాక్షసారాయి పోశారు. మిరోఫోరా పిడికెడు మట్టి వేసి, చెయ్యి దులుపుకోకుండా అలాగే మూసి పట్టుకుంది.

వరసగా వచ్చి అందరూ ఆమె చెయ్యి పట్టుకున్నారు. కొడుకు పోయాడని ఒప్పుకోని తల్లిని ఏ మాటతో ఓదార్చాలి? హంబిస్ మాత్రం ఆమె ముందు టోపీ తీసి నిలబడి, "చలి ఎక్కువగా ఉంది మిరోఫోరా, లోపలికి పద," అన్నాడు.

చర్చి పక్క హాల్లో కాఫీ, రొట్టె, ఆలివ్ కాయలు, హలూమి చీజ్ ముక్కలు పెట్టారు. బ్రాందీ గ్లాసులు పళ్లేల్లో తిరుగుతున్నాయి. గ్లాసు అందుకున్న ప్రతివాళ్లూ, "దేవుడు అతన్ని మన్నించుగాక," అని ఒక్క గుక్కలో తాగి పళ్లెంలో పెట్టేస్తున్నారు. ఆ మాట పోయినవాళ్ల గురించే అంటారు. మిరోఫోరా దగ్గరికి పళ్లెం వచ్చినప్పుడల్లా ఆమె చేత్తో పక్కకి తోసింది.

పియెరిస్ దూరంగా గోడకి ఆనుకుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఆమె కళ్లపడకుండా తప్పించుకుంటున్నాడు. మిరోఫోరా అతన్ని చేత్తో పిలిచింది.

"కూర్చో."

కూర్చున్నాడు.

"ఎందుకు పెట్టావురా అక్కడ?"

లూకియా చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది.

"నువ్వు ఒక్కసారి నవ్వితే చూద్దామని, పిన్నీ."

"చూశావా?"

"చూశాను."

"నేనూ చూశాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం పొద్దున దాకా వాడు దారిలో ఉన్నాడు. ఎక్కడో బస్సు ఎక్కాడు, ఎవరినో దారి అడిగాడు. చెప్పులు కొన్నాను. వాడికి బట్టతల వచ్చి ఉంటుందా, వాళ్ల నాన్నకి వచ్చినట్టు, అని కూడా అనుకున్నాను." మూసిన పిడికిలి విప్పి అరచేతిలో ఎండిపోయిన మట్టిని చూసుకుంది. "ఇన్నేళ్లలో వాడు దారిలో ఉన్నది ఆ రెండు రోజులే. నీ మీద కోపం లేదనను. చాలా ఉంది. పైకి వెళ్లాక వాడికి కూడా చెబుతాను నీ సంగతి."

"చెప్పు పిన్నీ."

"కానీ ఆ నాణెం తిరిగివ్వను. అడగకు."

"అడగను."

పియెరిస్ భుజాలు కదులుతున్నాయి. ఏడుపు బయటికి రాకుండా పళ్లు బిగించుకున్నాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు. బ్రాందీ పళ్లెం పట్టుకుని వెళ్తున్న మనిషిని ఆపి, ఒక గ్లాసు తీసుకుంది. అంచుదాకా ఉన్న బ్రాందీ కొంచెం ఒళ్లో ఒలికింది. లూకియా సాయం పట్టబోతే మోచేత్తో ఆపేసింది.

"దేవుడు నా జెనోన్‌ని మన్నించుగాక," అంది మిరోఫోరా.

గ్లాసు ఖాళీచేసి పళ్లెంలో పెట్టింది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.